నచ్చిన సినిమాలు, నడిచిన చరిత్ర

సినిమాను గురించి అభ్యుదయవాదులు రాసే వ్యాసాల్లో సాధారణంగా రెండు ధోరణులు కనిపిస్తాయి. సినిమా యావత్తూ పెట్టుబడిదారుల వ్యాపారం గనక దాన్ని గురించి మాట్లాడటమే కాలహరణమన్నది ఒక ధోరణి. తెరమీద ఎర్రజెండా కనిపించిన ప్రతి చిత్రాన్నీ గొప్ప చిత్రంగా ఎంచటం రెండో ధోరణి. ఈ రెండింటిలోనూ ప్రేక్షకుడికి చోటు లేదు. రోజుకూలిలో కొంత మిగిల్చి టిక్కెట్టు కొనుక్కుని, చూసిన బొమ్మను పదేళ్లపాటు మనసులో మోసుకు తిరిగే మనిషిని గురించి ఇద్దరూ ఆలోచించటం లేదు.

'నాకు నచ్చింది' అన్నమాట విమర్శకు పనికిరాదని అంటారు. కాని ఒక చిత్రం ఒకడికి ఎందుకు నచ్చిందో విచారిస్తూపోతే చివరకు అతని ఊరూ, అతని తాతలు చేసిన చాకిరీ, ఆ చాకిరీని గురించి ఇంట్లో చెప్పుకున్న కథలూ బయటపడతాయి. కాబట్టి అభిరుచిక్కూడా చరిత్ర ఉన్నది. నేను నంగునూరు ప్రాంతం వాణ్ణి. నాకు నచ్చిన చిత్రాలను ఆ చరిత్ర వెలుగులో చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

నంగునూరు ఒకప్పుడు నిజాం రాజ్యంలో మెదకు జిల్లాకు చెందినది. 2016 అక్టోబరులో జిల్లాలను విడగొట్టినప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వచ్చింది. ఈ మండలంలోని నర్మెటలో 2017లో పురావస్తుశాఖవారు బృహత్ శిలాయుగపు సమాధులను తవ్వారు. ఒక సమాధి మీది మూతరాయి బరువు నలభై టన్నులకు పైగా ఉంటే దాన్ని క్రేనుతో ఎత్తవలసివచ్చింది. వేల ఏళ్ల కిందట క్రేను లేకుండా ఆ రాయిని అక్కడికి చేర్చిన చేతులెవరివో మనకు తెలియదు. అంత వెనక్కు పోనక్కరలేదు. డెబ్బయి, ఎనభై ఏళ్ల కిందట తెలంగాణా పల్లెల్లో దొరల గడులకు రాళ్లు మోసినవారెవరో, ఆ గడుల్లో బిందెలతో నీళ్లు నింపినవారెవరో కూడా రికార్డుల్లో సరిగా లేదు. దస్తావేజులు భూమి ఎవరిదో చెబుతాయి, దున్నినవాడి ముఖం చూపించవు. ఆ ముఖాన్ని చూపించగల సాధనాల్లో సినిమా ఒకటి. నేను సినిమాను చరిత్రతో ముడిపెట్టటానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం కూడా ఈ ప్రాంతంలోనే ఉన్నది. ఇదే జిల్లాలోని చేర్యాలలో నకాషీలు పొడవాటి బట్ట మీద వరసగా బొమ్మలు వేస్తారు. పటం కథ చెప్పేవాడు దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కొక్క బొమ్మనూ చూపిస్తూ, పాడుతూ కథ నడుపుతాడు. తెరమీద బొమ్మలు కదలకముందే మనవాళ్లు బొమ్మల వరసను కథగా చూడటం నేర్చారు. ఇందులో గమనించవలసిన విశేషం మరొకటి ఉన్నది. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం, మాదిగలకు జాంబపురాణం ఉన్నాయి. అంటే చేతిపని చేసి బతికే ప్రతి కులానికీ తన మూలపురుషుడే నాయకుడుగా ఉన్న పటం ఒకటి ఉండేది. కులాన్ని దాటలేకపోవటం ఆ కళకున్న పరిమితి. ఐనా శ్రమచేసేవాడు తన కథను తాను చూసుకునేవాడు. సినిమా వచ్చి కులాలన్నింటినీ ఒకే తెరముందు కూర్చోబెట్టింది. అది గొప్ప మార్పు. ఐతే అదే చేత్తో చాలాకాలంపాటు పనివాణ్ణి కథలోనుంచి తోసివేసింది కూడా.

ఈ తోసివేతను ఎదిరించిన తొలి తెలుగు చిత్రాల్లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'మాలపిల్ల' (1938), 'రైతుబిడ్డ' (1939) ముఖ్యమైనవి. మొదటిదానికి కథ చలానిది, మాటలు తాపీ ధర్మారావువి. రెండోదానికి రచన చేసినవారిలో త్రిపురనేని గోపీచంద్ ఒకడు. బళ్లారి రాఘవ రైతుగా నటించాడు. మద్రాసు రాష్ట్రంలో జమీందారీ రైతుల సమస్యలను ప్రకాశం కమిటీ విచారించిన రోజులవి. 'రైతుబిడ్డ' జమీందారులకు కోపం తెప్పించింది, కొన్నిచోట్ల ప్రదర్శనకు నిషేధం వచ్చింది. విచిత్రమేమంటే ఈ చిత్రాలు తీసిన సారథి సంస్థకు అండగా నిలిచినవాడు చల్లపల్లి జమీందారు. తరవాతి కాలంలో అదే చల్లపల్లి ఎస్టేటు భూముల కోసం కృష్ణాజిల్లాలో పోరాటాలు నడిచాయి. డబ్బు ఒక వర్గానిది, ఊపిరి మరొక వర్గానిది కావటం సినిమాకు పుట్టుకతో వచ్చిన వైరుధ్యం. సినిమా వ్యాపారం గనక దానితో మనకు పనిలేదనేవారికి 'రైతుబిడ్డ' చాలినంత జవాబు. ఆ వైరుధ్యంలోనే మనకు సందు దొరుకుతున్నది.

పదహారేళ్ల తరవాత ధర్మారావు కొడుకు తాపీ చాణక్య 'రోజులు మారాయి' (1955) తీశాడు. భూస్వామీ, అధికారులూ చేతులు కలిపి రైతుల భూములు కాజేయబోతే రైతులు ఒకటై నిలబడటం అందులో ఇతివృత్తం. రైతును చూసి జాలిపడమని ఆ చిత్రం అడగదు, రైతు పనిలో ఉన్న ఉల్లాసాన్ని చూపిస్తుంది. కొసరాజు పాటలోని పదును ఎక్కడిదంటే పొలంలోదే. దానికి రెండేళ్లముందు బిమల్ రాయ్ తీసిన 'దో బీఘా జమీన్'లో రైతు భూమి పోగొట్టుకుని కలకత్తాలో రిక్షా లాగుతాడు. మన చిత్రంలో రైతు గెలుస్తాడు. ఏది వాస్తవమని అడిగితే, ఓడిన రైతులే ఎక్కువని చెప్పాలి. కాని గెలవటం సాధ్యమేనన్న ఊహ కూడా జనానికి అవసరం.

ఐతే నంగునూరు ప్రేక్షకుడికి ఈ రెండు చిత్రాల్లోనూ ఒక వెలితి కనిపిస్తుంది. ఆ పొలాలు కోస్తావి, ఆ మాట కోస్తాది. వెట్టి, గడి, దేశ్‌ముఖ్, పట్వారీ అందులో లేవు. మన యాస తెరమీదికి రావటానికి చాలాకాలం పట్టింది. వచ్చినా, దశాబ్దాలపాటు అది ప్రతినాయకుడి నోటనో, హాస్యగాడి నోటనో పలికింది. ఒక ప్రాంతపు మాటకు నవ్వటం ప్రేక్షకులకు అలవాటైతే, ఆ మాట మాట్లాడే మనిషి దుఃఖం వారికి దుఃఖంగా తోచదు. ఇది భాషా సమస్యగా పైకి కనిపిస్తుంది గాని, నిజానికి అధికార సమస్య.

'అంకుర్' (1974) ఈ వెలితిని మరొక దారిన పూడ్చింది. శ్యాం బెనెగల్ సికింద్రాబాదు తిరుమలగిరిలో పెరిగినవాడు. తన మొదటి కథాచిత్రాన్ని తెలంగాణా పల్లె మీద, దక్కనీ పలుకుబడితో తీశాడు. పట్నంలో చదువుకున్న భూస్వామి కొడుకు ఊరికి వచ్చి, తన ఇంట్లో పనిచేసే లక్ష్మిని లోబరచుకుంటాడు. ఆమె భర్త మూగవాడు, కుండలు చేసేవాడు. చివరకు దొరబిడ్డ అతన్ని కొరడాతో కొడతాడు. అన్నీ ముగిశాక ఒక చిన్నపిల్లవాడు దొర ఇంటి కిటికీ మీదికి రాయి విసిరి పరుగెత్తుతాడు. ఆ ఒక్క రాయిలోనే విప్లవం ఉన్నదని కొందరు పొగిడారు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచింది వేరు. ఈ దొరబిడ్డ కర్కోటకుడు కాడు. కులం పట్టింపు లేదంటాడు, లక్ష్మి చేతి వంట తింటాడు. పరీక్ష వచ్చినప్పుడు మాత్రం వెన్నులో ఉన్న వర్గం బయటపడుతుంది. మంచి దొర, చెడ్డ దొర అని లెక్కలు వేసేవారికి ఇది పాఠం.

ఇక నాకు అన్నిటికంటె ఇష్టమైన చిత్రం 'మా భూమి'. ఇది 1979 నాటి చిత్రం. కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే' దానికి ఆధారం. దర్శకుడు బెంగాలు నుంచి వచ్చిన గౌతం ఘోష్, నిర్మాతలు బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. నర్సింగరావుది గజ్వేలు పక్కనున్న ప్రజ్ఞాపూర్. గొంతెత్తి పాడిన గద్దర్ తూప్రానువాడు. షూటింగు చాలాభాగం మంగళపర్తిలో జరిగింది. ఇవన్నీ ఒకనాటి మెదకు జిల్లా ఊళ్లే. నవల ఉర్దూది, దర్శకుడు బెంగాలీ, గొంతూ మట్టీ మెదకువి. ప్రాంతీయత అంటే తలుపులు మూసుకోవటం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. గోపీచంద్ కొడుకు సాయిచంద్ ఇందులో రామయ్య పాత్ర ధరించాడు. 'రైతుబిడ్డ'కు రాసినవాడి కొడుకు నలభై ఏళ్లకు 'మా భూమి'లో రైతుబిడ్డగా నిలవటం యాదృచ్ఛికమే కావచ్చు గాని, ఒక సంప్రదాయం తెగిపోలేదని చెబుతున్నది.

రామయ్య ఊరు విడిచి హైదరాబాదు పోతాడు. అక్కడ కార్మికుల మధ్య చదువూ, సంఘమూ నేర్చి తిరిగి వస్తాడు. పల్లె తిరుగుబాటుకూ నగర కార్మికుడికీ ఉన్న సంబంధాన్ని ఇంత సూటిగా చూపిన తెలుగు చిత్రం నాకు మరొకటి కనిపించలేదు. బండి యాదగిరి, సుద్దాల హనుమంతు ఉద్యమంలో కట్టిన పాటలే ఇందులో వినిపిస్తాయి. జనం నోట నిలిచిన పాటను సినిమా అప్పు తెచ్చుకుంది. అన్నిటికంటె సాహసమైనది చివరి ఘట్టం. 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయాక, పారిపోయిన దొరలు కొత్త టోపీలు పెట్టుకుని, సైన్యం అండతో ఊళ్లోకి తిరిగి వస్తారు. రైతులు పంచుకున్న భూములు మళ్లీ వారి చేతికి పోతాయి. పాఠ్యపుస్తకాలు విమోచన అనో, విలీనం అనో ఒక్కమాటలో ముగించే చోట ఈ చిత్రం 'భూమి ఎవరిదైంది?' అని అడుగుతుంది.

'మా భూమి' మగవాడి కథగా చెప్పినదాన్ని 'దాసి' (1988) ఆడదాని వైపునుంచి చెప్పింది. నర్సింగరావే దర్శకుడు. 1920ల నాటి గడిలో, దొరసాని వెంట అరణంగా వచ్చిన కమలాక్షి కథ ఇది. పేరుకు ఇంటిమనిషి, నిజానికి దొర సొత్తు. కడుపులో పడిన బిడ్డ మీద కూడా ఆమెకు హక్కు లేదు. చిత్రంలో మాటలు తక్కువ. నీళ్లు మోయటం, ఊడ్చటం, పక్క వేయటం, పిలుపు కోసం కాచుకోవటం — ఈ పనులే కథ. వెట్టి అంటే కొరడాదెబ్బలు మాత్రమే అనుకునేవారికి, మనిషి కాలాన్నంతా దోచుకోవటమే వెట్టి అని ఇది తెలియజేస్తుంది. అర్చనకు ఉత్తమనటి జాతీయ బహుమతి వచ్చింది. చిత్రకారుడు తోట వైకుంఠం కళాదర్శకత్వానికి కూడా వచ్చింది. తరవాత తీసిన 'మట్టిమనుషులు' (1990) పల్లె విడిచి నగరంలో మేడలు కట్టే కూలీల కథ. గడికి రాళ్లు మోసినవారి బిడ్డలు ఇప్పుడు నగరానికి ఇటుకలు మోస్తున్నారు.

ఈ చిత్రాలను ఇప్పుడు గుర్తుచేయటానికి కారణం ఉన్నది. చరిత్రను తెరమీద తిరగరాసే పని ఆగలేదు. ఇదే జిల్లాలోని బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టు 27న రజాకార్లూ, నిజాం బలగాలూ కలిసి ఎంతోమందిని చంపారు. ఆ ఊరి బురుజు ఈనాటికీ నిలిచి ఉన్నది. ఆ రోజులనే తీసుకుని 2024లో వచ్చిన 'రజాకార్' చిత్రం ఆ ఘర్షణను ప్రధానంగా రెండు మతాల మధ్య పోరుగా నిలబెట్టింది. రజాకార్ల క్రూరత్వం అబద్ధం కాదు, దాన్ని తగ్గించి చెప్పవలసిన పని ఎవరికీ లేదు. కాని చాకలి ఐలమ్మ పంట మీద పడిన విసునూరు దేశ్‌ముఖ్ ముస్లిం కాడు. అదే దేశ్‌ముఖ్ మనుషుల చేతుల్లో భూమి కోసం ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ హిందువు కాడు. రజాకార్లను ఖండిస్తూ రాసినందుకు 1948 ఆగస్టు 22న హత్యకు గురైన పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్. ఈ పేర్లు తీసివేస్తే మిగిలేది సగం చరిత్ర. సగం చరిత్ర అబద్ధం కంటే ప్రమాదకరం, ఎందుకంటే దానికి సాక్ష్యాలుంటాయి.

మరోవైపు 2023లో వచ్చిన 'బలగం' ఉన్నది. సిరిసిల్ల ప్రాంతంవాడైన వేణు ఎల్దండి తీశాడు. మన యాస ఇందులో వెక్కిరింతకు గురికాకుండా ఏడ్చింది, నవ్వింది. మొగిలయ్య, కొమురమ్మ దంపతుల పాటకు తెలంగాణా పల్లెలు కంటతడి పెట్టాయి. ఊరి నడుమ తెరకట్టి జనం కలిసి చూశారు. పటం కథ ముందు కూర్చున్నట్టే కూర్చున్నారు. నాకూ ఆ చిత్రం నచ్చింది. ఐనా ఒక మాట చెప్పాలి. అందులో తగువులన్నీ ఇంట్లోవే, అన్నదమ్ములు కలిస్తే తీరిపోయేవే. ఊళ్లో భూమి ఎవరి చేతిలో ఉన్నది, కౌలుకు దున్నేవాడెవడు, దుబాయికి పోయేవాడెందుకు పోతున్నాడు అన్న ప్రశ్నలు గడపదాటి లోపలికి రాలేదు. భాషను గెలుచుకున్నాం. ఆ భాషలో అడగవలసిన ప్రశ్నలు మిగిలి ఉన్నాయి.

ఉపాధ్యాయులూ, విద్యార్థులూ చేయగల పని ఒకటున్నది. తెలంగాణా పోరాటం పాఠం చెప్పినరోజున 'మా భూమి'నీ, 'దాసి'నీ తరగతిలో చూపించవచ్చు. చూపించి ఊరుకోకుండా, ఇంటికిపోయి ముసలివాళ్లను అడగమనాలి: మన ఊళ్లో గడి ఎక్కడుండేది, దానికి ఎవరు నీళ్లు మోశారు, ఆ భూములు ఇప్పుడెవరి పేరున ఉన్నాయి? పిల్లలు తెచ్చే జవాబులను తెరమీది కథతో పోల్చి చూసినప్పుడు చిత్రంలోని నిజమూ తేలుతుంది, లోపమూ తేలుతుంది. నర్మెట రాయిని ఎత్తినవారి పేర్లు మనకిక దొరకవు. గడిలో నీళ్లు మోసినవారి పేర్లు ఇంకా కొందరు ముసలివాళ్ల నోళ్లలో ఉన్నాయి. వాటిని రాసుకోవటానికి మిగిలిన వ్యవధి చాలా తక్కువ.