వేటగాడి దుర్భిణి: గుంటూరు, ప్రకాశం మైదానాల నుంచి ఒక చరిత్ర పాఠం



వేట చరిత్ర అనగానే మనకు తుపాకి గుర్తుకొస్తుంది. ఈ పాఠంలో తుపాకిని పక్కన పెట్టి, వేటగాడి మెడలో వేలాడే మరో పనిముట్టును చూద్దాం. దాన్ని ఇప్పుడు బజారులో బైనాక్యులర్స్ అంటున్నాం. పాత మాట దుర్భిణి. అది పారశీకం నుంచి వచ్చింది: 'దూర్' అంటే దూరం, 'బీన్' అంటే చూసేది. వేటకు ఏ దుర్భిణి ఎంచుకోవాలి అన్నది దుకాణంలో అడిగే ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ ఏ జంతువు, ఏ నేల, ఏ వేళ, ఎవరి కళ్ళు అన్న విషయాలన్నీ ఆ ఎంపికలోనే ఉంటాయి. చరిత్రకారుడికి కావలసినవీ అవే.

1840లలోకి వెళ్దాం. ఇప్పటి ప్రకాశం జిల్లా అప్పుడు లేదు. ఒంగోలు ప్రాంతం 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఆ పాత నెల్లూరు జిల్లాలో టి.సి. జెర్డన్ అనే ఈస్టిండియా కంపెనీ వైద్యుడు సివిల్ సర్జనుగా పనిచేశాడు. వైద్యం ఆయన ఉద్యోగం, పక్షులు ఆయన వ్యసనం. 1843 నుంచి 1847 వరకు మద్రాసులో భాగాలుగా అచ్చయిన ఆయన పుస్తకంలోని పక్షుల బొమ్మలు మన దేశపు చిత్రకారులు వేసినవే.

జెర్డన్ పక్షులను ఎలా చూశాడు? కాల్చి చూశాడు. ఈ మాట మీకు కటువుగా తోచవచ్చు. ఆ రోజుల్లో ఒక పిట్ట ఏ జాతిదో తేల్చాలంటే అది చేతిలో ఉండాలి, ముక్కు కొలవాలి, రెక్క విప్పి చూడాలి. అప్పటి జంట దుర్భిణులు నాటకశాలలో వాడేవాటి వంటివి. మూడు నాలుగు రెట్లు పెద్దగా చూపేవి, కనిపించే మేర మరీ ఇరుకు. ఒక కంటితో చూసే పొడవాటి గొట్టం ఎక్కువ రెట్లు చూపినా, ఎగిరే పిట్టను అందులో పట్టుకోవడం సూదిబెజ్జంలోంచి బండి పోటీ చూడటం లాంటిది. కాబట్టి శాస్త్రానికీ తుపాకే గతి, సరదాకూ తుపాకే గతి.

మరి జంతువు ఎక్కడుందో ముందుగా కనిపెట్టేదెవరు? ఇక్కడ ఆగి ఆలోచించండి. జెర్డన్ నెల్లూరులో ఉండగా అక్కడి యానాదుల నుంచి ప్రాణుల గురించి ఎంతో సమాచారం సేకరించాడు. దొరకు దుర్భిణి లేని లోటును వారి కళ్ళు తీర్చాయి. పుస్తకం మీద పేరు మాత్రం ఒకరిదే.

పరిస్థితిని మార్చింది గాజు పట్టకం. 1854లో ఇటలీకి చెందిన పోరో రెండు పట్టకాలతో బొమ్మను నిటారుగా నిలిపే ఏర్పాటుకు పేటెంటు తీసుకున్నాడు. దానికి తగిన మేలైన గాజు దొరకడానికి మరో నలభై ఏళ్ళు పట్టింది. 1894లో జర్మనీలోని జైస్ కంపెనీ, అబ్బే అనే శాస్త్రజ్ఞుడి లెక్కలతో, పట్టకాల దుర్భిణిని బజారులోకి తెచ్చింది. ఆరు, ఎనిమిది రెట్లు పెద్దగా చూపుతూ, మెడలో వేసుకుని తిరగగల సాధనం వేటగాడి చేతికి వచ్చింది.

దుర్భిణి మీద 8×30, 7×50 వంటి అంకెలుంటాయి. మొదటిది ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో చెబుతుంది. రెండోది ముందు కటకం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగు వృత్తం కొలత తెలుస్తుంది. 7×50కి అది సుమారు 7 మిల్లీమీటర్లు, 8×30కి 3.75, 10×50కి 5. మసక చీకట్లో పడుచువారి కనుపాప దాదాపు 7 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. అందుకే మునిమాపు వేళ, తెల్లవారుజామున మాటు వేసేవారు 7×50ని ఇష్టపడేవారు. (నా వయసు కళ్ళు అంత విచ్చుకోవు. అంత బరువు మోసినా ఆ వెలుగులో కొంత నాకు దండగే.) 1935లో జైస్ లోనే స్మకులా అనే శాస్త్రజ్ఞుడు కటకాలకు పలుచని పూత కనిపెట్టాడు. పూత లేని ప్రతి గాజు ముఖం దగ్గరా వెలుగులో నూటికి నాలుగైదు పాళ్ళు తిరిగిపోతుంది. అలాంటి ముఖాలు పది ఉంటే మూడో వంతుకు పైగానే పోయినట్టు. పాత దుర్భిణి కొనేటప్పుడు కటకం మీద నీలపు లేదా ఊదా మెరుపు ఉందో లేదో చూడమనేది ఇందుకే.

ఇప్పుడు ఈ అంకెలను మన నేల మీదికి తెద్దాం. నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, మార్టూరు చుట్టూ ఉన్నది నల్లరేగడి. చెట్లు తక్కువ, చూపుకు అడ్డం లేదు. అలాంటప్పుడు పది, పన్నెండు రెట్లు చూపేదే మేలు కదా అనిపిస్తుంది. మిరపకోతల కాలంలో పొద్దున పదకొండు దాటాక చేలోకి వెళ్ళి చూడండి. కాగిన నల్లనేల మీద గాలి నీళ్ళలా ఆడుతుంది. దుర్భిణి జంతువునే కాదు, ఆ ఎండమావినీ పదింతలు చేస్తుంది, చేతి వణుకునూ పదింతలు చేస్తుంది. నేను మొదట కొన్నదాని మీద 20×50 అని ఉండేది. ఆ అంకె చూసి మోసపోయాను. గట్టున కూర్చుని మోచేతులు మోకాళ్ళ మీద ఆనించినా కొంగ నాకు కుదురుగా నిలబడలేదు. ఈ మైదానానికి ఎనిమిది రెట్లు చాలు. పొద్దున తొమ్మిదిలోపు చూపు ముగించాలి.

బయలు నేలల వేటకు పేరుమోసినది కృష్ణజింక. ఎడ్లబండి చాటున నడుస్తూ మందను సమీపించడం దేశమంతటా తెలిసిన ఉపాయం. బండిని చూసి జింక బెదరదు, ఒంటరి మనిషిని చూస్తే బెదురుతుంది. ఇక్కడ దుర్భిణి పని జింకను కనిపెట్టడం కాదు, ఎంచడం. మందలో ఏ మగజింక కొమ్ములు పొడవు? 1892లో లండనులో రోలాండ్ వార్డ్ కొమ్ముల కొలతల పుస్తకం వేయడం మొదలుపెట్టాక, వేటగాళ్ళకు అంగుళాల పిచ్చి పట్టింది. దక్షిణాది జింకల కొమ్ములు ఉత్తరాది వాటికంటే పొట్టి కాబట్టి మనవాటికి కొంత ప్రాణరక్షణ దొరికిందనుకోవచ్చు. దుర్భిణి చావును తగ్గించలేదు, ఎవరు చావాలో నిర్ణయించింది. అదే సమయంలో మరో దారీ తెరుచుకుంది. ఆకారం, రంగు, నడక దూరం నుంచే పోల్చగలిగితే పిట్టను చేతిలోకి తీసుకోనక్కర్లేదు. 1941లో వచ్చిన సలీం అలీ పుస్తకం చదివి పక్షులను గుర్తుపట్టడం నేర్చుకున్నవారికి తుపాకి అవసరం పడలేదు. సలీం అలీ మాత్రం నమూనాల కోసం జీవితమంతా పక్షులను కాల్చినవాడే. ఈ వైరుధ్యాన్ని దాచకుండా మీ జవాబుల్లో రాయండి.

తెలుగు పల్లెల్లో పిట్టలదొర వేషం మీలో కొందరు చూసే ఉంటారు. ఖాకీ దుస్తులు, టోపీ, కట్టె తుపాకి, నోటినిండా కోతలు. షికారు దొర మీద జనం చెప్పిన తీర్పు అది. నేను చూసిన వేషాల్లో తుపాకి ఉంది, దుర్భిణి లేదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు కళ్ళెం వేసింది. 1991 సవరణతో సరదా వేట లైసెన్సులు పూర్తిగా పోయాయి. చేలో పడే అడవిపంది విషయంలో కూడా అధికారి అనుమతి లేకుండా రైతు తుపాకి ఎత్తడానికి వీల్లేదు. వేట దుర్భిణి అన్న మాటకు మన దగ్గర మిగిలినది చూపు ఒక్కటే.

ఆ చూపు ఎవరిదన్న ప్రశ్న 1986లో మళ్ళీ వచ్చింది. జెర్డన్ పేరుతోనే పిలిచే కలివికోడి 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ కడప ప్రాంతపు చిట్టడవుల్లో వెతికాడు. అది రాత్రిపూట తిరిగే పిట్ట. పగలు ఎంత మేలైన దుర్భిణి పెట్టినా ఫలితం తక్కువ. చివరికి స్థానిక వేటగాడు ఒకరు రాత్రి టార్చి వెలుగులో దాన్ని సజీవంగా పట్టి తెచ్చాడు. 1840లలో నెల్లూరులో జరిగిన పని పద్ధతే ఇక్కడా కనిపిస్తుంది.

అభ్యాసం: గుంటూరుకు దగ్గరలోని ఉప్పలపాడు చెరువుకు వెళ్ళండి. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు తుమ్మచెట్ల మీద గూళ్ళు కట్టి ఉంటాయి. వీలైతే 8×40 తీసుకెళ్ళండి, లేకుంటే ఒట్టి కళ్ళతోనే చూడండి. ఒక గంట చూశాక గట్టున ఉన్న పెద్దవారిని ఎవరినైనా పలకరించి, అదే గంటలో వారు ఏమేం చూశారో అడగండి. రెండు జాబితాలనూ పక్కపక్కనే రాయండి. వారు చెప్పిన పేర్లను వారు పలికినట్టే రాసుకోండి. ఆ పెద్దాయన ఊరూ వయసూ, ఆయన ఒప్పుకుంటే పేరూ, పైన రాయడం మరవకండి.