ఎలుక బొరియ, ఈత చెట్టు, మడ అడవి: పశ్చిమ డెల్టాలో మన తోటల చరిత్ర

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా కాలువలతో మొదలుపెడతారు. 1852లో విజయవాడ దగ్గర కృష్ణానదిపై ఆనకట్ట పని మొదలైంది, 1855లో పూర్తయింది. కాలువలు వచ్చాయి, చేలు మాగాణి అయ్యాయి, తెనాలి ఊరి మధ్యగా మూడు కాలువలు పారాయి. ఈ కథలో యానాదులు, ఎరుకలవాళ్లు ఎక్కడో ఒక మూల కూలీలుగానో నేరస్థులుగానో కనిపిస్తారు. కానీ పంట చుట్టూ బతికే ఎలుకను, పామును, పిట్టను, చేపను దగ్గరగా చూసి, వాటి అలవాట్లు తెలుసుకుని బతికింది వాళ్లే. పక్షులకు, సీతాకోకచిలుకలకు చోటిచ్చే తోటలు పెంచాలని ఇప్పుడు పట్టణాల్లో కొత్తగా నేర్పుతున్నారు. ఆ విద్యకు పునాది మన పెద్దల దగ్గర ఉంది. దాన్ని మనం రాసుకోకపోతే రేపు మన పిల్లలకే కొత్త పాఠంగా చెబుతారు.

యానాదులు, వరి గట్టు

వరి ఈనిందంటే ఎలుకకు పండుగ. గట్టులో బొరియ తవ్వి, వెన్నులు కొరికి, లోపల అరల్లో దాచుకుంటుంది. యానాది పెద్దలు గట్టు మీద నడుస్తూనే చెప్పేవారు: తాజా మట్టి ఉంటే లోపల ఎలుక ఉంది, సాలెగూడు ఉంటే లేదు. పక్కదారులు మూసి, కుండలో గడ్డి కాల్చి, పొగను బొరియలోకి ఊదేవారు. దొరికిన ఎలుక కూరకు, బొరియలోని ధాన్యం గింజలకు. రైతుకు పంట దక్కేది, మట్టికి విషం అంటేది కాదు.

తర్వాత పొలాల్లోకి ఎలుకల మందు వచ్చింది. మందు తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే అదీ ప్రమాదంలో పడుతుంది. గుడ్లగూబ, జెర్రిపోతు, ముంగిస పోయిన పొలంలో ఎలుకలను ఆపేవాళ్లు ఉండరు. అప్పుడు మళ్లీ మందే కొనాలి.

ఈ విద్యకు గౌరవం దక్కిన చోటు మనకు దూరంగా లేదు. తమిళనాడులో పాములు పట్టే ఇరులర్లు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పాము చర్మాల వ్యాపారం ఆగిపోయి బతుకుతెరువు కోల్పోయారు. 1978లో వాళ్లు సహకార సంఘం పెట్టుకున్నారు. పామును పట్టి, విషం తీసి, ప్రాణంతో వదిలేస్తారు. ఆ విషంతోనే పాముకాటుకు మందు తయారవుతుంది. 2017లో ఇద్దరు ఇరుల పెద్దలు, మాసి సడయన్, వడివేల్ గోపాల్, కొండచిలువలను పట్టడంలో సాయపడడానికి అమెరికాలోని ఫ్లోరిడా వెళ్లారు. 2023లో వారికి పద్మశ్రీ వచ్చింది. ఎలుకలు పట్టేవాళ్లమని చెప్పుకోవడానికి సిగ్గుపడే మన యువతకు ఈ సంగతి తెలియాలి.

ఎరుకలవాళ్లు, ఈత చెట్టు

ఎరుకలవాళ్లు ఒకప్పుడు గాడిదల మీద, ఎద్దుల మీద తీరం నుంచి లోపలి ఊళ్లకు ఉప్పు మోసి, ధాన్యంతో తిరిగొచ్చేవారు. రైళ్లు వచ్చాక ఆ వ్యాపారం దెబ్బతింది. తిరుగుతూ బతికేవాళ్లను అనుమానించే ప్రభుత్వం, నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చింది. 1913-14 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపే సెటిల్‌మెంట్ ఏర్పడింది. అప్పటి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద దానికి స్టువర్టుపురం అని పేరు పెట్టారు. వ్యవసాయం నేర్పి, మంచివాళ్లను చేస్తామన్నారు. హాజరు పిలుపు, ఊరు దాటాలంటే పాసు, చీరాల పొగాకు కంపెనీలో కూలి: ఇదీ ఆ పాఠశాల. 1952లో ఆ చట్టం రద్దయింది, ముద్ర మాత్రం పూర్తిగా పోలేదు.

సేద్యం నేర్పడానికి వచ్చినవాళ్లు ఒక సంగతి చూడలేదు. ఎరుకల స్త్రీ బుట్ట అల్లడానికి ఈత ఆకు కోసేటప్పుడు చెట్టు మొవ్వు జోలికి పోదు. మొవ్వు పోతే చెట్టు చస్తుంది, చెట్టు చస్తే వచ్చే ఏడు బుట్ట లేదు. అదే ఈత చెట్టుకు, తాటి చెట్టుకు గిజిగాడు కూడా గూడు కడుతుంది. గడ్డి, వరి ఆకు, తాటాకు పీలికలు చీల్చుకొచ్చి మగపిట్ట అల్లుతుంది. పిల్లలకు పురుగులు తెచ్చి పెడుతుంది, అలా చేనుకూ సాయం చేస్తుంది. ఒక చెట్టు మీద ఆధారపడి ఇద్దరు అల్లేవాళ్లు బతికారు. గట్ల మీది ఈతలు, తాళ్లు కొట్టేస్తే ఇద్దరికీ పని పోతుంది.

రేపల్లె మడ, ఉప్పలపాడు చెరువు

రేపల్లె, నిజాంపట్నం వైపు నేల ఉప్పునేల. అక్కడి తోట మడ అడవి. మడ, పొన్న, తిల్ల చెట్ల వేళ్ల మధ్య రొయ్య, పీత, చేపపిల్ల పెరుగుతాయి. చేపలు తినే బావురుపిల్లి కూడా ఈ అడవుల్లో ఉంది. కొట్టేసిన చోట నేల కుంగి, పోటు నీరు నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పు పేరుకుపోతుంది. అక్కడ మొక్క నాటినా బతకదు. కృష్ణా డెల్టాలో అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ తీరగ్రామాల ప్రజలతో కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి, నీరు వచ్చి పోయే దారి ఏర్పరిచిన తర్వాతే మొక్కలు నాటాయి. ముందు నీళ్ల దారి, తర్వాత మొక్క: ఏ తోటకైనా వర్తించే సూత్రం ఇది.

గుంటూరు పక్కన పెదకాకాని మండలంలోని ఉప్పలపాడు చూడండి. ఊరి చెరువులోని తుమ్మ చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెడతాయి. అది ఎవరూ నాటిన పూలతోట కాదు. ముళ్ల చెట్లను కొట్టకుండా, పిట్టలను బెదిరించకుండా ఊరు ఊరుకోవడమే అక్కడి తోటపని.

మన పెరట్లో, మన బడిలో

ఇప్పుడు చేయగలిగింది చెప్పుకుందాం. కరివేపాకు, నిమ్మ నాటితే వాటి ఆకు తిని సీతాకోకచిలుకల పిల్లపురుగులు పెరుగుతాయి. నాలుగు ఆకులు చిల్లులు పడ్డాయని మందు కొట్టకండి. గట్టున జిల్లేడునూ ఆముదాన్నీ పూర్తిగా పీకేయకండి, వాటి మీదా సీతాకోకచిలుకలు పెరుగుతాయి. అరటి, మునగ పూలకు తేనెపిట్ట వస్తుంది. వేప, రావి పండితే కోయిల, గోరింక వస్తాయి. బాపట్ల ఇసుక నేలలో తాటి, ఈత, వేప బతుకుతాయి. తెనాలి వైపు కాలువగట్టుకు కానుగ సరిపోతుంది. ఒక మూల ఎండుకొమ్మలు, ఆకుల కుప్ప ఉంచండి. వేసవిలో మట్టి మూకుడులో నీళ్లు పెట్టి రోజూ మార్చండి.

అయితే ఒక మాట దాచకూడదు. పెరడు ఉండాలంటే ముందు ఇంటి స్థలం ఉండాలి. కాలువగట్ల మీద, పోరంబోకు మీద పట్టా లేకుండా బతికే యానాది కుటుంబం, రేపు ఖాళీ చేయమంటే వదిలిపోవాల్సిన చోట వేప మొక్క నాటదు. అందుకే పట్టా కోసం అడగడం, చెట్టు కోసం అడగడం మనకు ఒకటే పని.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. ఈ ఏడు పిల్లలతో ఒక నోటుపుస్తకం పెట్టించండి. ఊళ్లో ఎలుకలు పట్టిన తాతనూ బుట్టలు అల్లిన అమ్మమ్మనూ అడిగి, చెట్ల పేర్లు, పిట్టల పేర్లు, అవి ఏ నెలలో వస్తాయో వాళ్ల మాటల్లోనే రాయించండి. యానాది మాటను, ఎరుకల భాషలోని పేరును తప్పని దిద్దకండి. ఆ పేరుతోనే బడి ఆవరణలో ఆ మొక్క నాటించండి.