రంగంలో తిన్నది ఊళ్లో చెప్పకు

వైజాగ్‌లో ఎక్కడ తినాలి? హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో దిగే స్నేహితులు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. నాది కొత్తవలస. వైజాగ్‌కి రైల్లో ముప్పై కిలోమీటర్ల లోపు. మా ఊరికి తినడానికని ఎవరూ రారు, తినాలనిపిస్తే మేమే వైజాగ్ పోతాం. అందుకని జాబితా నా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. నేవీ వెంట వచ్చిన పంజాబీ ధాబాలు, పుజా సెలవులకి దిగే బెంగాలీల కోసం వెలిసిన చేపల భోజనాలు, అరకు దారిలో బొంగులో చికెన్. ఇవన్నీ చెప్పి చివర్లో ఖౌసా పేరు చెప్తాను. "అదేంటి?" అంటారు. బర్మా నూడుల్స్ అంటే "ఓ, థాయ్ లాంటిదా" అని ఫోన్లో వెతకడం మొదలుపెడతారు. ఆ వెతుకులాటలో దొరకని ముక్క ఒకటుంది. అది మా ఇంట్లో డెబ్బై ఏళ్లు దాచిపెట్టిన ముక్క. అది చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

బయట తినడం మనకి కొత్తేమీ కాదుగానీ, గౌరవమైన పని మాత్రం కాదు. అన్నం అమ్ముకోవడం పాపమనే నమ్మకం గట్టిగా ఉన్న సమాజం మనది. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన కన్యాశుల్కంలో పూటకూళ్లమ్మ ఉంది కదా. ఊళ్లోకి వచ్చిన పరాయివాడు పూటకింత డబ్బిచ్చి తినే చోటు ఆవిడ ఇల్లు. పూట, కూడు, ఆ రెండు మాటల్లోనే వ్యాపారమంతా ఉంది. అయితే ఆ ఇంట్లో విస్తరి ముందు ఎవరు కూర్చోవచ్చు, ఎవరు గుమ్మం దగ్గరే ఆగిపోవాలి అన్నది డబ్బు తేల్చే విషయం కాదు. తర్వాత వచ్చిన కాఫీ హోటళ్లలోనూ అంతే. బ్రాహ్మణుల కోసమని విడిగా గదులు, బోర్డులు. రైల్వే స్టేషన్లలో హిందువులకి ఒక ఫలహారశాల, ముస్లింలకి ఒకటి, దొరలకి ఇంకొకటి. నీళ్లు కూడా హిందూ నీళ్లు, ముస్లిం నీళ్లు. "హోటల్‌కి పోదాం పద" అని మనం ఎంత తేలిగ్గా అంటామో, ఆ తేలికదనం వయసు నిజానికి చాలా తక్కువ.

ఇక రంగం. ఉత్తరాంధ్రలో రంగూన్‌ని రంగం అంటారు. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి ఓడెక్కి బంగాళాఖాతం దాటితే రంగం. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి మనవాళ్లు మేస్త్రీల దగ్గర అడ్వాన్సు తీసుకుని, అప్పుతోనే ఓడెక్కి, ఆ అప్పు తీర్చడానికే అక్కడ పనిచేసేవాళ్లు. రేవులో బస్తాలు మోయడం, బియ్యం మిల్లులు, రిక్షాలు. గోదావరి దగ్గరి కోరంగి రేవు పేరు మీద తెలుగు కూలీలందరినీ అక్కడ కోరంగీలు అన్నారు. ఆ మాటలో గౌరవం ఏమీ లేదు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ జనం దాదాపు 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే. బర్మా రాజధానిలో బర్మావాళ్లు మైనారిటీ! తెలుగు, తమిళం, ఒరియా, హిందుస్తానీ, చిట్టగాంగ్ బెంగాలీ, చైనా భాషలు, అన్నీ ఒకే వీధిలో వినపడే నగరం. ఈ రోజు మనం మురిసిపోయే బహుళ సంస్కృతుల నగరం మన తాతలకి వందేళ్ల కిందటే తెలుసు. వాళ్లు అక్కడ కిక్కిరిసిన బారకాసుల్లో, ఒకరు లేచిన చోట ఇంకొకరు పడుకుంటూ బతికారు.

అలాంటి గదుల్లో పొయ్యి పెట్టడానికి చోటెక్కడిది? పదిమంది కలిసి ఒక వంటమనిషిని పెట్టుకునేవాళ్లు, లేదంటే వీధిలో తినేవాళ్లు. రంగూన్ కూలీల జీవన ప్రమాణాల మీద 1928లో ప్రభుత్వం ఒక నివేదిక వేసింది, బెనిసన్ అనే అధికారి తయారుచేసినది. ఏ భాష కూలీ తిండికి ఎంత, ఇంటికి పంపేది ఎంత అని అణాలతో సహా లెక్కకట్టారు అందులో. కూలీ ఏం తిన్నాడో అలాంటి లెక్కల్లో దొరుకుతుంది. ఎవరి చేతి తిండి తిన్నాడో, తింటున్నప్పుడు ఎవరు చూస్తారని భయపడ్డాడో దొరకదు.

మా ముత్తాత బియ్యం మిల్లులో పనిచేశాడు. నాయనమ్మ అక్కడే పుట్టింది. ఆమె చెప్పినదాన్ని బట్టి పొద్దున్నే ఒక బర్మా ఆవిడ భుజాన కావడి వేసుకుని వచ్చేది. ఒకవైపు చేపల పులుసు కుండ, ఇంకోవైపు బియ్యప్పిండి సేమ్యా, గిన్నెలు. అదే మొహింగా. చేపని ఉడికించి మెదిపి, నిమ్మగడ్డి, అరటిదూట వేసి చిక్కగా కాచే పులుసు. ముత్తాత ఆమెని ఎత్తుకుని వీధిలోకి తీసుకెళ్లి ఒకే గిన్నెలో ఇద్దరికీ పోయించుకునేవాడట. ఆ గిన్నెలోనే అంతకుముందు ఒక చైనావాడు, ఒక ముస్లిం రిక్షా అతను, ఒక మాల కూలీ తిని ఉంటారు. ఊళ్లో అయితే ఈ నలుగురూ ఒకే బావి నీళ్లు కూడా తాగరు. తినడం అయ్యాక ముత్తాత రోజూ ఒకే మాట అనేవాడు: "ఊర్లో సెప్పకు."

ఈ వీధి తిళ్లను చూసి రంగాన్ని స్వర్గం చేసేయాలని నాకూ అనిపిస్తుంది. కానీ అదే రేవులో 1930 మేలో కోరంగీల సమ్మె జరిగింది. ఓడల కంపెనీలు బర్మా కూలీల్ని పెట్టుకున్నాయి, సమ్మె తీరగానే వాళ్లని పంపేసి మళ్లీ తెలుగువాళ్లని పిలిచాయి. గొడవ మొదలై ఊరంతా పాకింది. వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్లే. పక్కపక్కన కూర్చుని తిన్నంత మాత్రాన ఒకరి కూలి ఒకరు లాక్కుంటున్నారన్న కోపం ఎక్కడికీ పోలేదు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. తర్వాతి నెలల్లో బర్మా నుంచి నాలుగైదు లక్షల మంది భారతీయులు కదిలారు. డబ్బున్నవాళ్లకి ఓడ దొరికింది. లేనివాళ్లు నడిచారు. కలరాతో, ఆకలితో దారిలో వేలమంది పోయారు. మావాళ్లు ప్రోమ్ మీదుగా అరకాన్ కొండలు దాటి, తీరానికి చేరి, పడవలో చిట్టగాంగ్, అక్కడి నుంచి కలకత్తా, రైలు. ఊరు చేరి ఊపిరి పీల్చుకునేలోపే 1942 ఏప్రిల్ 6న అదే జపాన్ విశాఖ మీదా బాంబులు వేసింది. పట్నం జనం సామాన్లతో చుట్టుపక్కల పల్లెలకి పారిపోతుంటే, నాయనమ్మకి అది కొత్త సంగతిలా అనిపించలేదట. "మళ్లీ నడవాల్నా?" అని మాత్రం అడిగిందట వాళ్ల నాన్నని.

మా ప్రాంతంలో "వలస"తో ముగిసే ఊళ్ల పేర్లు కోకొల్లలు. కొత్తవలస అందులో ఒకటి. ఎప్పుడో ఎక్కడి నుంచో కదిలొచ్చి కుదురుకున్నవాళ్ల ఊరు అని పేరే చెప్తోంది. ముత్తాత కూడా ఇక్కడే కుదురుకున్నాడు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో స్టేషను రోడ్డులో తాటాకు పాక వేసి టీ హోటల్ పెట్టాడు. రంగంలో చూసిన టీ దుకాణాలే దానికి నమూనా అని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్లు. నేనూ కాలేజీ రోజుల్లో చాలామందికి చెప్పాను.

చెప్పనిది ఇది. ఆ పాకకి బయటివైపు రాటకి రెండు గ్లాసులు విడిగా వేలాడుతుండేవి. మాల, మాదిగ కులాలవాళ్లు వస్తే ఆ గ్లాసు వాళ్లే తీసుకోవాలి, టీ పైనుంచి పోస్తారు, తాగి వాళ్లే కడిగి మళ్లీ తగిలించాలి. డబ్బులు నేల మీద పెట్టాలి. అందరూ తిన్న గిన్నెలో కూతురికి మొహింగా తినిపించిన మనిషి ఇది చేశాడు. మాదేం పెద్ద కులం కాదు. రంగంలో అందరి దృష్టిలో మేమూ "కోరంగీ"లమే. అయినా ఊళ్లోకి రాగానే మాకంటే కింద ఎవరున్నారో వెతుక్కున్నాం. ఈ సంగతి నాకు నాయనమ్మ చెప్పలేదు. పక్క పేటలో ఒక పెద్దాయన చెప్పాడు, నవ్వుతూనే చెప్పాడు. నేను నవ్వలేకపోయాను. ఇంటికొచ్చి అడిగితే నాయనమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అలగ సెయ్యకపోతే మన పాకకి ఎవుళొస్తారు బాబూ?" అంది. వ్యాపారం దెబ్బతింటుందన్న భయం అది. అర్థమవుతుంది. అర్థమైందని ఒప్పుకోలేను.

అప్పటికే 1950లో రాజ్యాంగం వచ్చింది. దాని 15వ అధికరణంలో దుకాణాలు, భోజన హోటళ్లు అని పేరుపెట్టి మరీ రాశారు, కులం మతం కారణంగా ఎవరినీ అక్కడికి రానివ్వకుండా ఆపకూడదని. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. దేశపు మూల చట్టంలో హోటళ్ల ప్రస్తావన ఎందుకొచ్చిందా అని చదువుకునే రోజుల్లో నాకు వింతగా ఉండేది. మా రాటకున్న గ్లాసుల సంగతి తెలిశాక ఆ వింత పోయింది.

ఆ గ్లాసులు చట్టంతో పోలేదు. రైలు లైనుతో పోయాయి. 1960లో ఇనుప ఖనిజం కోసం జపాన్‌తో ఒప్పందం కుదిరింది. బస్తర్ అడవుల్లోని బైలడిల్లా నుంచి విశాఖ రేవుకి ఖనిజం దింపడానికి కొత్తవలస-కిరండూల్ లైను వేశారు. తూర్పు కనుమల్లో 58 సొరంగాలు. సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను. మనల్ని రంగం నుంచి తరిమిన జపాన్‌కే మన ఊరి మీదుగా ఇనుము పంపడానికి ఆ లైను! దీన్ని మా ఇంట్లో ఎవరూ వింతగా చూడలేదు, పని దొరికింది కదా అనుకున్నారు. పని కోసం రకరకాల మనుషులు దిగారు: ఒరియా కూలీలు, తమిళ మేస్త్రీలు, బెంగాలీ గుమాస్తాలు. హోటల్‌కి వచ్చి టీ అడిగినవాడు ఏ కులమో ముత్తాతకి ఎలా తెలియాలి? అడిగితే పేరు చెప్తాడు, ఆ పేరులో ఇతనికి అర్థమయ్యే గుర్తు ఏదీ ఉండదు. ఒకరోజు పొద్దున రాటకి గ్లాసులు లేవు. ఎవరు తీశారో పక్కపేట పెద్దాయనకి కూడా తెలీదు. మనసు మారి తీశారని చెప్పుకోవాలని నాకుంటుంది. గిరాకీ ఎక్కువై తీశారన్నదే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఆ లైను పని నడుస్తున్న రోజుల్లోనే రంగం నుంచి రెండో వలస వచ్చింది. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం, 1964 మార్చిలో దుకాణాల జాతీయీకరణ, మేలో 50, 100 చాట్ల నోట్ల రద్దు. తరాలుగా అక్కడే ఉన్న భారతీయులు లక్షల్లో ఓడెక్కారు. నగలు, సొమ్ము తీసుకురానివ్వలేదు. తమిళులు మద్రాసు వెళ్లారు. అక్కడి బర్మా బజారు, దాని చుట్టూ అమ్మే అతో నూడుల్స్ వాళ్లవే. తెలుగువాళ్లు కొందరు విశాఖలో దిగారు. కంచరపాలెం దగ్గర వాళ్లకిచ్చిన చోటే బర్మా క్యాంపు. అన్నీ అక్కడే వదిలేసి వచ్చినా వంట మాత్రం వాళ్ల వెంట వచ్చింది. ఆ వంటల్లో ఖౌసా ఒకటి. బర్మా భాషలో నూడుల్స్‌ని ఖౌస్వే అంటారు, మన నోట్లో ఖౌసా అయింది. మనం హాయిగా ప్లేటు పట్టుకుని ఫొటో తీసుకునేది ఈ సరుకునే.

2011లో నాయనమ్మని కంటి ఆసుపత్రికని వైజాగ్ తీసుకెళ్లి, తిరుగు దారిలో ఒక ఖౌసా బండి దగ్గర ఆపాను. వేయించిన వెల్లుల్లి, శనగపిండి, చింతపండు రసం వాసన. ఆవిడ ప్లేటు ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది కాదు. సేపలది," అంది. బండి మీద ఉన్నామెకి అర్థమైంది. అది ఇంట్లోనే చేసుకుంటామనీ, అమ్మితే ఇక్కడ ఎవరూ కొనరనీ చెప్పింది. అయినా నాయనమ్మ ప్లేటు మొత్తం ఖాళీ చేసింది. బండి వెనక స్టూలు మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది, ఆమె అత్తగారట. నాయనమ్మ కాసేపు అటే చూసి, తడుముకుంటూ, "తమిన్ సా పీబీలా?" అంది. అన్నం తిన్నావా అని. రంగంలో ఎదురుపడిన ప్రతివాళ్లూ ఒకళ్లనొకళ్లు అడిగే మాట అది. ఈవిడ నోట అరవై తొమ్మిదేళ్ల తర్వాత వచ్చింది.

ముసలావిడ స్టూలు మీంచి లేచి వచ్చి నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ బర్మాలో రెండు మాటలు, తెలుగులో పది మాటలు మాట్లాడుకున్నారు. ఆఖర్న ఆమె, "మీదేవూళమ్మా, మీరేవుళ్లు?" అని అడిగింది. మా వైపు మీరేవుళ్లు అంటే కులం. నాయనమ్మ నా వైపు తిరిగి, "రైలుకి టైమైపోలేదేటిరా?" అంది.