నీలి కిరసనాయిలు ఖర్చు ఎవరు భరించారు?

మా తరం ఏజెన్సీ పిల్లలకు కిరసనాయిలు అంటే నీలం రంగే. గిరిజన సహకార సంస్థ డిపోలో బియ్యం, ఉప్పుతోపాటు కొలిచి పోసే ఆ నూనెతోనే బుడ్డి వెలిగేది. ఆ బుడ్డి ముందే పదో తరగతి చదివాం. ఆ రంగు ఎందుకో అప్పుడు ఎవరూ చెప్పలేదు. రాయితీ నూనె పక్కదారి పడితే గుర్తుపట్టడానికి సర్కారు కలిపిన రంగు అది. మరి ఆ రాయితీ డబ్బు ఎక్కడిది?

చాలావరకు పెట్రోలు కొన్నవాళ్లది. 1973 అక్టోబరు యుద్ధం తర్వాత కొద్ది నెలల్లోనే 3 డాలర్ల దగ్గరున్న ముడి చమురు పీపా 12 డాలర్లకు చేరువైంది. తర్వాతి ఏళ్లలో ఎస్సో, బర్మా షెల్, కాల్టెక్స్ కంపెనీల వ్యాపారం కేంద్రం చేతికి వచ్చింది. ధరలన్నీ ఢిల్లీలో నిర్ణయమయ్యేవి. పెట్రోలు కార్లు, స్కూటర్లు ఉన్నవాళ్ల సరుకని దాన్ని అసలు ఖర్చుకంటే ఎక్కువకు అమ్మారు. కిరోసిన్‌ను, వంట గ్యాసును తక్కువకు ఇచ్చారు. మిగులూ తరుగూ 'ఆయిల్ పూల్' అనే ఒకే ఖాతాలో సర్దేవారు. రాయితీ ఉంటే పెట్రోలు చవక అవుతుందని చాలామంది అనుకుంటారు. మన దేశంలో చాలాకాలం మన బుడ్డి నూనెకిచ్చిన రాయితీయే పెట్రోలు ధరను పెంచింది.

అయితే ఆ నూనె అంతా మన గూడేలకు చేరిందా? డీజిలు ఖరీదు, కిరోసిన్ చవక. ఆ తేడా ఉన్నచోట కల్తీ పుట్టింది. 2005 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో కల్తీ బంకును పట్టుకున్న ఇండియన్ ఆయిల్ అధికారి మంజునాథ్‌ను కాల్చి చంపారు. 2011 జనవరిలో మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర అదనపు కలెక్టర్ సోనావణేను సజీవంగా తగలబెట్టారు. పేదల పేరున విడుదలైన నూనె కోసం జరిగిన హత్యలివి. చరిత్ర పాఠాల్లో వీటికీ చోటుండాలని నా అభిప్రాయం.

2002 ఏప్రిల్ 1న పాత ధరల పద్ధతి కాగితం మీద రద్దయింది. ఆచరణలో కాలేదు. 2008 జులైలో పీపా 147 డాలర్లు దాటినా బంకు ధరను పూర్తిగా పెంచే ధైర్యం సర్కారు చేయలేదు. కంపెనీల నష్టానికి నగదు బదులు బాండ్లు ఇచ్చింది, అంటే అప్పును తర్వాతివాళ్ల మీద పెట్టింది. 2010 జూన్‌లో పెట్రోలు మీద, 2014 అక్టోబరులో డీజిలు మీద నియంత్రణ ఎత్తేశారు. 2016 నుంచి కిరోసిన్‌కు పావలా చొప్పున పెంచుతూ పోయారు. 2020 వచ్చేసరికి ఆ రాయితీ మిగల్లేదు.

ఆ ఏడాదే ముడి చమురు ధర కుప్పకూలింది. "మరి మన పెట్రోలు ఎందుకు తగ్గలేదు సార్?" అని ఒక పిల్లవాడు తరగతిలో అడిగాడు. మార్చి, మే నెలల్లో కేంద్రం లీటరు మీద ఎక్సైజు పన్నును 19.98 నుంచి 32.98 రూపాయలకు పెంచింది. దాని మీద రాష్ట్రం వ్యాట్ అదనం. తగ్గిన ధర ఖజానాకు పోయింది. 2021 నవంబరులో 5, 2022 మేలో 8 రూపాయలు తగ్గించారు.

ఈలోగా మనం మారాం. బుడ్డి పోయి బల్బు వచ్చింది, సంతకు నడిచినవాళ్లం బండి మీద, షేరాటోలో వెళ్తున్నాం. పెట్రోలు కొన్నవాళ్ల డబ్బుతో వెలిగిన ఇళ్లే ఇప్పుడు పెట్రోలు మీద పన్ను కడుతున్నాయి. గిరిజన సహకార సంస్థ కూడా పెట్రోలు బంకులు నడుపుతోంది. బంకు దూరమైన గూడేల్లో కిరాణా కొట్టువాళ్లు సీసాల్లో పోసి అమ్ముతారు, బంకు రేటు మీద తమ దారి ఖర్చు కలుపుకొని. ఆ సీసాలో నూనె ధరెంత, పన్నెంత అన్న లెక్క ఈసారి తరగతిలో పిల్లలతోనే వేయిస్తున్నాను.