అప్పన్న కొండ పక్కనుంచి ఓడ దాకా

సింహాచలం నార్త్ స్టేషన్ మీదుగా ఎర్రటి దుమ్ము పట్టిన గూడ్సు రైళ్లు వెళుతుంటే అప్పన్న దర్శనానికి వచ్చినవాళ్లు పట్టించుకోరు. విశాఖ రేవు చరిత్ర సగం ఆ వ్యాగన్లలోనే ఉంది.

అసలీ రేవు పుట్టిందే ఖనిజం కోసం. మధ్య పరగణాల మాంగనీసును ఓడ ఎక్కించడానికి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేకు దగ్గర దారి కావలసివచ్చింది. రాయపూర్-విజయనగరం లైను పడింది, దాని వెంటే రేవూ వచ్చింది. 1933 అక్టోబర్ 7న ‘జల దుర్గ’ ఓడ లోపలికి వచ్చింది. డిసెంబర్ 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. అప్పటికి ఉన్నవి మూడే బెర్తులు.

కట్టినవాళ్లను ఎక్కువగా వేధించింది ఇసుక. నైరుతి గాలులకు తీరం వెంబడి దక్షిణం నుంచి ఉత్తరానికి కదిలే ఇసుక, ఓడలు లోపలికి వచ్చే కాలువ నోటిని పూడ్చేస్తుంది. దాన్ని ఆపడానికి డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట వేశారు. ఈ పోరు ఇంకా తీరలేదు. డ్రెడ్జర్లు తోడిన ఇసుకతోనే కోతకు గురయ్యే బీచ్‌ను నింపుతుంటారు.

అసలు మలుపు బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం. జపాన్ ఉక్కు మిల్లుల కోసం అనంతగిరి కొండలను తొలిచి కొత్తవలస-కిరండూల్ లైను వేశారు. గంపలతో, క్రేన్లతో ఆ సరుకును తెమల్చడం అయ్యే పని కాదు. 1965లో యాంత్రిక ఖనిజ ప్లాంటు వచ్చింది. టిప్లర్ వ్యాగన్‌ను బిగించి పట్టి, బోర్లా తిప్పి ఖాళీ చేస్తుంది. కింద పడిన ఖనిజాన్ని కన్వేయర్ బెల్టు మోసుకుపోతుంది, స్టాకర్ గుట్ట పోస్తుంది. ఓడ రాగానే రిక్లెయిమర్ ఆ గుట్టను తవ్వి బెల్టుకెక్కిస్తే, షిప్ లోడర్ నేరుగా ఓడ కడుపులోకి వదులుతుంది. ఈ వరసలో ఏ ఒక్కటి మొరాయించినా ఓడ బెర్తులో ఊరికే నిలబడాల్సిందే.

లక్ష టన్నుల ఓడలకు మొదట కట్టిన ఇన్నర్ హార్బర్ ఇరుకైంది. అందుకే 1976లో ఔటర్ హార్బర్ తయారైంది. 2003లో కంటెయినర్ టెర్మినల్ వచ్చింది.

ఇదంతా గర్వంగా చెప్పుకోవలసిందే. కానీ రేవు పక్కనున్న వన్‌టౌన్ ఇళ్ల మీద వాలిన బొగ్గు, ఖనిజాల దుమ్మును వదిలేసి రాసిన రేవు చరిత్ర నా లెక్కలో సగం చరిత్రే.

టిప్లర్ దగ్గర, బెల్టుల దగ్గర, డ్రెడ్జర్ల మీద పనిచేసి రిటైరైనవాళ్లు ఈ సంచిక చదివితే ఒక మనవి: మీ దగ్గరున్న ఫొటోలు దాచండి, మీ పని గురించి నాలుగు పేజీలు రాసిపెట్టండి. వైస్రాయి వచ్చిన రోజు గురించి ఇప్పటికే చాలామంది రాశారు.