పింఛను: ఉపకారమా, హక్కా?

ఏటేటా డిసెంబరు నెల రాగానే మా నిలయమునకు కొన్ని ఉత్తరములు తప్పక వచ్చుచుండును. పదునేడవ తేదీన పింఛనుదారుల దినోత్సవము జరుపుకొనుచున్నామనియు, ఆ వార్తను ప్రసారము చేయవలెననియు వానిలో వ్రాసియుండును. దస్తూరి గుండ్రముగా, పంక్తులు తిన్నగా ఉండును. ముప్పది యేండ్లు దస్త్రములు వ్రాసిన చేతులవి. ఒక సంవత్సరము మాతో పనిచేయు యువకుడొకడు అట్టి ఉత్తరమును చదివి, "ఇంతకు ఆ దినమున ఏమి జరిగినదండీ?" అని మమ్ము అడిగెను. అతడు 2004వ సంవత్సరము తరువాత ప్రభుత్వోద్యోగములో చేరినవాడు. అతనికి చెప్పిన సమాధానమునే కొంత విస్తరించి శ్రోతల ముందుంచుచున్నాము.

మన దేశములో పింఛనుల కథకు 1871వ సంవత్సరపు పింఛనుల చట్టము ఒక ముఖ్యమైన మైలురాయి. అందలి రెండు నిబంధనలను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. అప్పులవాడు కోర్టు ద్వారా పింఛనును జప్తు చేయించరాదన్నది ఒకటి. పింఛనును గూర్చి సివిల్ కోర్టులో దావా వేయుటకు వీలులేదన్నది రెండవది. కలెక్టరు మొదలగు అధికారులు అనుమతి పత్రమిచ్చిననే కోర్టు ఆ మాట వినవలెను. అనగా, షావుకారు బారినుండి ముసలివానిని కాపాడిన ఆ చట్టమే, ఇచ్చువాడు ఇవ్వకపోయినచో అడుగుటకు దారిని మూసివైచినది. మన పెద్దలు పింఛనును ఉపకారవేతనమని కూడ అనెడివారు. ఆ మాట నేడు విద్యార్థులకిచ్చు సహాయమునకే నిలిచినది గాని, ఆనాటి భావమును అది చక్కగా పట్టి చూపుచున్నది. చేసిన కొలువునకు జీతము ముట్టినది. ఇక మీదట ఇచ్చునదంతయు దొరవారి దయ.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కూడ ఈ భావము వెంటనే తొలగలేదు. బీహారు విద్యాశాఖలో పనిచేసిన దేవకీనందన్ ప్రసాద్ అను అధికారి ఐదేండ్లకు పైగా విధులకు రాలేదని చెప్పి ప్రభుత్వము అతని ఉద్యోగమును తీసివేసి, పింఛనును నిరాకరించినది. అతడు సుప్రీంకోర్టునకు వెళ్ళెను. 1971లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, పింఛను ప్రభుత్వపు ఇష్టాయిష్టములపై ఆధారపడిన దానము కాదనియు, అది ఉద్యోగికి చెందిన ఆస్తియనియు తీర్పు చెప్పినది. నూరేండ్ల తరువాత మూసిన తలుపు తెరచుకొన్నదన్నమాట.

ఇక డిసెంబరు పదునేడు సంగతి. 1979 మే నెలలో కేంద్ర ప్రభుత్వము పింఛను లెక్కకట్టు పద్ధతిని ఉదారముగా సవరించినది. అంతకుముందు కడపటి ముప్పదియారు నెలల జీతపు సగటును బట్టి పింఛను నిర్ణయించెడివారు. దానిని పది నెలల సగటుగా మార్చిరి. ఇది చిన్న మార్పని తోచవచ్చును, కాని కాదు. జీతము ఏటేటా పెరుగునది గనుక, మూడేండ్ల సగటు ఎప్పుడును కడపటి జీతముకంటె బాగుగా వెనుకబడియుండును. పది నెలల సగటు దానికి దగ్గరగా నిలుచును. పింఛను గరిష్ఠ పరిమితియు పెరిగినది. అయితే ఈ మేలు 1979 మార్చి 31వ తేదీన గాని, ఆ తరువాత గాని విరమించువారికే. ఒకే కచేరీలో ప్రక్కప్రక్క బల్లలవద్ద కూర్చున్న ఇద్దరిలో ఫిబ్రవరి నెలాఖరున ఇంటికి పోయినవానికి పాత లెక్క, మార్చి నెలాఖరున పోయినవానికి క్రొత్త లెక్క. అంగడిలో బియ్యపు ధర మాత్రము ఇద్దరికిని ఒక్కటే.

రక్షణ శాఖలో పనిచేసి 1972లో విరమించిన డి. ఎస్. నకారా ఈ భేదమును ప్రశ్నించెను. ఆయనతోపాటు హెచ్. డి. శౌరీ నడిపిన 'కామన్ కాజ్' అను సంఘమును కోర్టునకు వెళ్ళినది. 1982 డిసెంబరు 17న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఏకాభిప్రాయముతో వారి పక్షమున తీర్పు చెప్పినది. తీర్పు వ్రాసినవారు జస్టిస్ డి. ఎ. దేశాయి. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగా ఉండి ఢిల్లీకి వెళ్ళిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి ఆ ధర్మాసనములో ఒకరు. పింఛను దయాభిక్ష కాదు, పూర్వము చేసిన సేవకు ప్రతిఫలము. పింఛనుదారులందరు ఒకే వర్గము, విరమించిన తేదీనిబట్టి వారిని రెండుగా చీల్చుట రాజ్యాంగములోని సమానత్వ సూత్రమునకు విరుద్ధము అన్నది దాని సారము. ఐతే 1979 ఏప్రిలుకు ముందటి కాలమునకు బకాయిలు రావనియు స్పష్టము చేసినది. మా ఉద్దేశములో ఆ మితమే తీర్పునకు బలము. ఖజానాకు భయపడి ఎవ్వరును దానిని కాదనలేకపోయిరి.

ఈ తీర్పు సిరా ఆరకముందే మన రాష్ట్రములో మరియొక అలజడి పుట్టినది. 1983 ఫిబ్రవరిలో, క్రొత్తగా అధికారమునకు వచ్చిన ఎన్. టి. రామారావు ప్రభుత్వము ఉద్యోగ విరమణ వయస్సును 58 నుండి 55 ఏండ్లకు తగ్గించినది. ఆ నెలాఖరున వేలాదిమంది ఒక్కసారిగా ఇంటిదారి పట్టిరి. ఆడపిల్లల పెండ్లిండ్లు, మగపిల్లల చదువులు మూడేండ్ల తరువాతి లెక్కలతో కట్టుకొన్న కుటుంబములవి. పెద్దవారైన మన శ్రోతలకు ఆ దినములు జ్ఞాపకముండును. 1984లో మరల 58 ఏండ్లు చేసిరి. వయస్సును తగ్గించుట చెల్లునని 1985 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పినను, మధ్యకాలమున ఇంటికి పంపబడినవారిని వదలివేయుట తగదని అదే సంవత్సరము జస్టిస్ చిన్నప్పరెడ్డి మరియొక తీర్పులో పలికిరి. పింఛను హక్కే కావచ్చును, అది మొదలగు దినమును నిర్ణయించుట మాత్రము ప్రభుత్వము చేతిలోనే ఉండిపోయినది.

అన్నింటికంటె ఆలస్యముగా న్యాయము ముట్టినది వితంతువులకు. భర్త పోయిన పిదప భార్యకు జీవితాంతము పింఛను ఇచ్చు కుటుంబ పింఛను పథకము కేంద్రములో 1964 జనవరి 1న వచ్చినది. అందులకై ఉద్యోగి గ్రాట్యుటీనుండి రెండు నెలల జీతము వదలుకొనవలసి యుండెను. 1977 సెప్టెంబరు 22న ఆ షరతును తీసివేసిరి. అయినను, 1964కు ముందే విరమించినవారి భార్యలు పథకమునకు వెలుపలనే నిలిచిరి. వారు అప్పటికే వృద్ధురాండ్రు. పూనమల్ అను ఆమె, మరికొందరు సుప్రీంకోర్టును ఆశ్రయింపగా, 1985లో వారికిని కుటుంబ పింఛను దక్కినది. ఇరువదియొక్క యేండ్లు గడచినవి. ఈ లోపల ఎందరు కన్నుమూసిరో లెక్కించినవారు లేరు.

మా యువమిత్రుని ప్రశ్న ఇప్పుడు అర్థమగును. కేంద్రములో 2004 జనవరి 1 తరువాత చేరిన ఉద్యోగులకు, సైన్యమును మినహాయించి, పాత పింఛను లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ మార్పు అదే సంవత్సరము సెప్టెంబరు 1న వచ్చినది. జీతములో నూటికి పది రూపాయలు ఉద్యోగి, తన వంతు (కేంద్రములో 2019 వరకు అంతే మొత్తము) ప్రభుత్వము ఒక ఖాతాలో వేయుదురు. ఆ సొమ్ము పెట్టుబడులలో తిరుగును. విరమించునాడు అందులో నలుబదవ వంతునకు కాదు, నూటికి నలుబది వంతులకు తగ్గకుండ వార్షికవేతనము కొనవలెను. ఎంత వచ్చునో ముందుగా చెప్పువారు లేరు. కరవు భత్యము దానిని వెంబడించి రాదు. సొమ్ము తనదేయని కాగితము చెప్పును, ఎంతయన్నది మాత్రము బజారు చెప్పును. ఇరువదియేండ్ల ఆందోళన తరువాత, 2025 ఏప్రిలు 1 నుండి కేంద్రోద్యోగులకు ఏకీకృత పింఛను పథకమును ఎంచుకొను వీలు కల్పించిరి. ఇరువదియైదేండ్ల సేవ పూర్తియైనచో, కడపటి పండ్రెండు నెలల మూలవేతనపు సగటులో సగము అందునని అందలి హామీ. మరల సగటులే, మరల నెలల లెక్కలే.

ఇదంతయు విని మా మిత్రుడు కొంతసేపు మాటాడలేదు. పిదప ఆ ఉత్తరము తీసికొని, సభ జరుగు చోటును, వేళను ఎఱ్ఱ సిరాతో గుర్తు పెట్టుకొనెను. ఆనాటి సాయంకాలము ఆ ప్రకటన చదివినది అతడే.