గుజ్జనగూళ్ళు: రుక్మిణి వడ్డన నుంచి లక్కపిడతల దాకా

పోతన భాగవతంలో రుక్మిణి బాల్యమంతా ఒక్క సీసపద్యంలో ఇమిడిపోతుంది. బొమ్మల పెళ్ళిళ్ళు చేస్తుంది, చిలకలకు చదువు చెబుతుంది, పిల్లల ఆటవంటలైన గుజ్జనగూళ్ళు వండించి చెలులకు పెట్టిస్తుంది. విదర్భ రాకుమారి చేత 15వ శతాబ్దపు కవి అచ్చమైన తెలుగు పిల్లల ఆట ఆడించాడు. వండించి ఊరుకోలేదు చూడండి, పెట్టించింది కూడా. ఈ ఆటకు ప్రాణం వడ్డనే. ఇసుక అన్నం, మందారాకు కూర, ఇటుకపొడి కారం బాదం ఆకులో వడ్డిస్తే, ఎదుట కూర్చున్నవాళ్ళు లొట్టలు వేస్తూ తినాలి, మారు అడగాలి. కొన్ని ఇళ్ళలో పెద్దవాళ్ళు గుప్పెడు బియ్యం, కాస్త బెల్లం ఇచ్చి పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద నిజంగానే వండనిచ్చేవారు.

ఆకులూ చిప్పలతో సాగిన ఆటకు రంగుల సామాను సమకూర్చిన ఊళ్ళలో ముందు చెప్పుకోవలసింది వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో. అక్కడ మెత్తగా, తేలిగ్గా ఉండే అంకుడు కర్రను లేత్ మీద తిప్పి చెక్కుతారు. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి రంగు కరిగి పట్టేస్తుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. అవే మన లక్కపిడతలు.

ఉత్తుత్తి అన్నమే అయినా గిన్నె మాత్రం పాపాయి మూతి దాకా వెళ్తుంది. రసాయన రంగులు వచ్చిపడ్డాక అసలు బెంగ ఇదే. ఆ ఊరివారే అయిన సి.వి.రాజు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి రంగులు తీసే పద్ధతికి మళ్ళీ ఊపిరి పోశారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చాయి. పసివాళ్ళ పెదవులకు తగిలే వస్తువు గురించి అంత పట్టింపు చూపిన మనిషికి ఆ గౌరవం దక్కడం నాకెంతో తృప్తి.

లక్కపిడతల బుట్టలో రోలు, తిరగలి, కుండలు ఇంకా ఉన్నాయి. మన వంటిళ్ళలోంచి ఎప్పుడో వెళ్ళిపోయిన తిరగలిని నాలుగేళ్ళ పిల్ల ఇక్కడే తిప్పి చూస్తుంది. ఇప్పుడు ప్లాస్టిక్ సెట్లలో గ్యాస్ పొయ్యితో పాటు కోడిగుడ్డు, పిజ్జా ముక్క కూడా తయారుగా వస్తున్నాయి. లక్కపిడతలు మాత్రం ఖాళీగానే వస్తాయి. వాటిలో ఏం వండాలో పిల్లలే వెతుక్కోవాలి.